పరంగిమలై మెట్లు, మా ఊరి చర్చి గోడలు

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మాది ఒంగోలు దగ్గర పల్లెటూరు. మూడు తరాలుగా బాప్టిస్టులం. పెళ్లయి పద్నాలుగేళ్లు, చెన్నైలో ఆదంబాక్కంలో ఉంటున్నాం. మావారి కుటుంబం ఆర్.సి.ఎం. (రోమన్ కాథలిక్కులు). వాళ్ల తాతల కాలంలోనే గుంటూరు జిల్లా నుంచి ఇక్కడికి వచ్చేశారు. ఎవరి చర్చికి వాళ్లం వెళ్దామని పెళ్లప్పుడే అనుకున్నాం. ఇన్నేళ్లూ ఏ గొడవా రాలేదు.

మా అత్తయ్యకు పరంగిమలై, అంటే ఇక్కడి సెయింట్ థామస్ మౌంట్ కొండ, అంటే ప్రాణం. ఏటా ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సు కాలంలో శుక్రవారాలు మెట్లెక్కి, యేసు సిలువ మోసిన దారిని తలుచుకుంటూ ఆగి ఆగి ప్రార్థించే సిలువ మార్గం చేసేవారు. పోయిన ఏడాది మోకాలి ఆపరేషన్ అయింది. ఇప్పుడు "నా బదులు నువ్వెక్కి కొవ్వొత్తి వెలిగించి రా అమ్మాయ్, నా మొక్కు తీరుతుంది" అంటున్నారు. మా పాస్టరుగారిని అడిగితే "దేవుడు రాళ్లలో ఉండడు, అది విగ్రహారాధన కిందికి వస్తుంది, వెళ్లొద్దు" అన్నారు. అదే మాట ఇంట్లో కొంచెం గట్టిగానే అనేశాను. అత్తయ్య ఆ రాత్రి అన్నం తినలేదు.

ఇంతలో ఊరి నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. మా పాత చర్చి పడగొట్టి కొత్తది కడుతున్నారట. ఫోన్ పెట్టేసి వెక్కి వెక్కి ఏడ్చాను. నా పెళ్లి అక్కడే జరిగింది. మా నాన్న పెట్టెను ఆఖరిసారి దించింది కూడా ఆ చర్చిలోనే. అప్పుడు మావారు "స్థలంలో ఏమీ లేదన్నావుగా, మరి దేనికి ఏడుస్తున్నావు?" అని మెల్లగా అడిగారు. ఎగతాళిగా అనలేదు. నా దగ్గరే జవాబు లేదు. మన విశ్వాసంలో స్థలానికి విలువ ఉందా, లేదా? నేను కొండకు వెళ్తే తప్పా?
– ఒక సోదరి, చెన్నై

జవాబు: సోదరీ, మీ ఉత్తరం మూడు రోజులుగా నా బల్ల మీదే ఉంది. ఎన్నిసార్లు చదివినా మీవారు అడిగిన ఆ మాట దగ్గరే ఆగిపోతున్నాను. అందుకే ముందు మీ ఏడుపు సంగతి మాట్లాడుకుందాం. కొండ సంగతి తర్వాత.

మా అమ్మ బతికున్నన్నాళ్లూ మా ఊరి చర్చిలో ఎడమ వైపు రెండో స్తంభానికి ఆనుకుని కూర్చునేది. కింద ఈతచాప. ఏటా క్రిస్మస్‌కు స్తంభాలకు సున్నం వేసేవాళ్లు. ఈస్టర్ వచ్చేసరికి అమ్మ తల ఆనే చోట కొబ్బరినూనె మరక మళ్లీ పడేది. అమ్మ పోయిన తర్వాతి ఆదివారం చర్చి కిక్కిరిసి ఉంది, ఆడవాళ్లు గుమ్మం దాకా కూర్చున్నారు. ఆ స్తంభం దగ్గర మాత్రం ఒక మనిషి పట్టే జాగా ఖాళీగా ఉంది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. నాలుగైదు ఆదివారాలు అలాగే జరిగింది. ఆ మరకకు నేనేమీ మొక్కలేదు. కానీ దాన్ని చూస్తూ చేసినంత మనస్ఫూర్తిగా ప్రార్థన నేను ఇంకెక్కడా చేయలేదు. నా పరీక్షల కోసం, నా జ్వరాల కోసం, నేను దారి తప్పిన రెండేళ్ల కోసం అమ్మ దేవుణ్ని బతిమాలుకున్న చోటు అది.

మీరు ఏడ్చింది కూడా అలాంటి దానికోసమే. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. దేవుడు అంతటా ఉన్నాడన్నది నిజమే. మనకు మాత్రం ఆయన ఏదో ఒక ఊళ్లో, ఏదో ఒక చెట్టు కింద, ఏదో ఒక ఆసుపత్రి వరండాలో ఎదురవుతాడు. ఆ చోటును మనం మరిచిపోలేం.

యాకోబును చూడండి. అన్నకు భయపడి ఇల్లు విడిచి పోతూ, పొద్దుగూకిందని లూజు అనే చోట ఒక రాయి తలకింద పెట్టుకుని పడుకున్నాడు. అక్కడ గుడి లేదు, బలిపీఠం లేదు. చీకటి పడింది కాబట్టి ఆగాడు, అంతే. కలలో నిచ్చెన చూసి ఉలిక్కిపడి లేచి, దేవుడు ఇక్కడ ఉన్నాడు, నాకే తెలియలేదు అనుకున్నాడు. తలకింద రాయినే నిలబెట్టి, నూనె పోసి, ఆ చోటికి బేతేలు అని పేరు పెట్టాడు. దేవుని ఇల్లు అని అర్థం. మన తెలుగు జిల్లాల్లో ఎన్ని చర్చిలకు ఆ పేరుందో మీకు తెలుసు.

బేతేలు కథ అక్కడితో ఆగలేదు. ఆ తర్వాతి భాగం మన ప్రసంగాల్లో తక్కువగా వినిపిస్తుంది. కొన్ని వందల ఏళ్ల తర్వాత యరొబాము రాజు అదే బేతేలులో బంగారు దూడను నిలబెట్టాడు. జనం పండుగలకు యెరూషలేము వెళ్తే రాజ్యం తన చేతిలోంచి జారిపోతుందని అతని భయం. ఆ తర్వాత చాలా ఏళ్లకు ఆమోసు ప్రవక్త వచ్చి, బేతేలును ఆశ్రయించకండి, గిల్గాలుకు వెళ్లకండి, దేవుణ్ని ఆశ్రయించండి, బతుకుతారు అని కేకేశాడు. గిల్గాలు అంటే ఏ చోటో గుర్తుందా? యొర్దాను దాటాక యెహోషువ పన్నెండు రాళ్లు నిలబెట్టిన చోటు. రేపు మీ పిల్లలు ఈ రాళ్లేమిటి అని అడిగితే ఇలా జరిగిందని చెప్పండి అంటూ పెట్టించిన రాళ్లవి. ఆ రాళ్లు పెట్టించిందీ దేవుడే, అక్కడికి వెళ్లవద్దన్నదీ దేవుడే. మధ్యలో మారింది మనుషులు. పేదవాడి దగ్గర ధాన్యం గుంజుకుని, న్యాయస్థానంలో లంచం పుచ్చుకుని, అదే చేతులతో బేతేలుకు బలులు పట్టుకెళ్లారు. పుణ్యస్థలానికి వెళ్లొచ్చాం కదా, ఇక దేవుడు మన లెక్కలు అడగడులే అనుకున్నారు.

మీ పాస్టరుగారు ఆమోసు వైపు నుంచి మాట్లాడారు. మీ అత్తయ్య యెహోషువ వైపు నుంచి మాట్లాడుతున్నారు. రెండూ మన బైబిల్లోవే. ఒకటి పట్టుకుని రెండోది వదిలేయడానికి మనకు వీల్లేదు.

సమరయ స్త్రీ యేసును అడిగింది కూడా ఇదే కదా. మా పెద్దలు ఈ కొండ మీద ఆరాధించారు, మీవాళ్లేమో యెరూషలేము అంటారు, ఏది సరైంది అని. ఆ కొండ గెరిజీము. ఈ కొండా కాదు, యెరూషలేమూ కాదు, ఆత్మతోను సత్యంతోను ఆరాధించే కాలం వస్తోంది, ఇప్పుడే వచ్చింది అన్నాడాయన. మీ పాస్టరుగారు ఈ వచనాన్నే మనసులో పెట్టుకుని ఉంటారు. నేనూ దాని మీదే నిలబడతాను. అయితే అదే అధ్యాయం మొదట్లో యోహాను ఎంత వివరంగా రాశాడో చూడండి. ఊరు సుఖారు, యాకోబు తన కొడుకు యోసేపుకిచ్చిన పొలం పక్కన, యాకోబు బావి దగ్గర, మధ్యాహ్నం వేళ, నడిచి అలసిపోయి కూర్చున్నాడు. స్థలంతో పని లేదనుకున్నవాడు ఇన్ని ఆనవాళ్లు రాయడు. ఆ ఊరివాళ్లకు ఆ బావి ఇక ఎప్పటికీ మామూలు బావి కాదు.

సంఘ పెద్దల మధ్య కూడా ఈ వాదన పాతదే. 4వ శతాబ్దంలో కాన్‌స్టంటైన్ చక్రవర్తి యెరూషలేములో యేసు సమాధి ఉందన్న చోట చర్చి కట్టించాక, ఎక్కడెక్కడి నుంచో జనం రావడం మొదలైంది. ఆ శతాబ్దంలోనే నిస్సా ఊరి బిషప్పు గ్రెగరీ స్వయంగా వెళ్లి చూసి వచ్చి, చోటు మారినంత మాత్రాన దేవుడు దగ్గర కాడు, అక్కడా పాపం ఊరికే ఉండటం లేదు అని ఉత్తరం రాశాడు. బైబిలును లాటిన్‌లోకి తర్జుమా చేసిన జెరోము బేత్లెహేములోనే స్థిరపడ్డాడు. ఆయన కూడా ఒక స్నేహితుడికి, పరలోకానికి దారి యెరూషలేము నుంచి ఎంత దగ్గరో బ్రిటన్ నుంచీ అంతే దగ్గర అని రాశాడు. రాసి, తను మాత్రం చనిపోయేదాకా బేత్లెహేము వదల్లేదు. ఇందులో నాకు వేషం కనిపించదు, ప్రేమ కనిపిస్తుంది. పైగా క్రైస్తవులు అన్నిటికన్నా గొప్పగా చూసుకునే ఆ స్థలంలో ఏముంది? ఖాళీ సమాధి. ఆయన ఇక్కడ లేడు, లేచాడు అని దూత స్త్రీలతో చెప్పింది అక్కడే. ఇది రోజూ తలుచుకునేవాళ్లు ఏ రాయిలోనూ దేవుణ్ని కట్టి ఉంచలేరు.

ఇక పరంగిమలై. ఈ కొండను నేను చాలాసార్లు ఎక్కాను. అపొస్తలుడైన తోమా క్రీ.శ. 52లో మలబారు తీరానికి వచ్చాడనీ, 72లో ఈ కొండ మీద ఈటెపోటుకు చనిపోయాడనీ సంప్రదాయం. చరిత్రకారులు దీని మీద ఒక మాటకు రాలేదు. కానీ 1547లో పోర్చుగీసువాళ్లు కొండ మీద తవ్వుతుంటే ఒక రాతి సిలువ బయటపడింది. దాని చుట్టూ పహ్లవీ లిపిలో, అంటే పాత పారసీక లిపిలో రాత ఉంది. ఆ రాయే ఇప్పుడు బలిపీఠం వెనక ఉంది. పోర్చుగీసు ఓడలు రావడానికి వందల ఏళ్ల ముందే ఈ ప్రాంతంలో క్రైస్తవులు ఉన్నారనడానికి అది సాక్ష్యం. తోమా ఎలాంటివాడో మీకు తెలుసు. గాయాల్లో వేలు పెట్టి చూస్తే గానీ నమ్మనన్నాడు. యేసు అతన్ని కసిరి పంపేయలేదు, రా, చూడు అని చెయ్యి చాచాడు. ముట్టుకుంటే గానీ మనసు కుదుటపడని మనుషుల మీద ఆయనకు జాలి ఉంది.

మీ అత్తయ్య ఇన్నేళ్లుగా ఎక్కిన ఆ మెట్లు ఎవరు వేయించారో చెప్తాను. మద్రాసులో స్థిరపడ్డ ఆర్మీనియన్ వ్యాపారి, పేరు ఖోజా పెట్రూస్ ఉస్కాన్. 1726 ప్రాంతంలో సొంత డబ్బుతో వేయించాడు. సైదాపేట దగ్గర అడయారు నది మీద, కొండకు వచ్చే దారిలో వంతెన కూడా ఆయనే కట్టించాడు. అంటే మోకాళ్ల నొప్పులవాళ్లను, ముసలివాళ్లను తలుచుకుని ఒకాయన ఖర్చుపెట్టిన కొండ ఇది. మోకాలు పనిచేయని మీ అత్తయ్య ఇప్పుడు ఆ మెట్లను తలుచుకుని బెంగపడుతుంటే నాకు ఆయనే గుర్తొచ్చాడు.

మరి మీరు? మీరు ఒంగోలువారు. మీకూ ఒక కొండ ఉంది. 1854 జనవరి 1 తెల్లవారుజామున అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జూయెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు పక్కన గుట్ట ఎక్కి, ఈ ఊరికి ఒక సేవకుణ్ని పంపమని మోకరించారు. పన్నెండేళ్లకు, 1866లో, అదే మిషన్ నుంచి క్లౌ దొర వచ్చాడు. ఆ గుట్టను ఇవాళ్టికీ ప్రార్థన కొండ అనే అంటారు. నిజం చెప్పండి, ఆ గుట్ట ఎక్కినప్పుడు మీ గొంతు పూడుకుపోలేదా? అది విగ్రహారాధన అని మీ పాస్టరుగారు కూడా అనరు. ఎందుకంటే అక్కడ మనం గుట్టను అడగం, గుట్ట మీద మోకరించినవాళ్లకు జవాబిచ్చిన దేవుణ్ని అడుగుతాం.

ఇంకో సంగతి. మీరు వేలచ్చేరిలో రైలెక్కి మైలాపూరు మీదుగా వెళ్తే కింద నల్లటి కాలువ కనిపిస్తుంది. కంపు భరించలేక అందరం ముక్కు మూసుకుంటాం. అది బకింగ్‌హామ్ కాలువ. 1877–78 కరువులో కూలీ పనుల కింద దీన్ని ఉత్తరం వైపు పొడిగిస్తున్నప్పుడు, ఒంగోలు వైపు మూడున్నర మైళ్ల ముక్కను క్లౌ దొర కాంట్రాక్టు తీసుకున్నాడు. ఆకలితో చచ్చిపోతున్న మాదిగ పల్లెల జనానికి తిట్లూ దెబ్బలూ లేకుండా కూలి దొరకాలని. ఆ పనులు నడిచినన్నాళ్లూ ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు, అన్నం కోసం వచ్చారన్న మాట రాకూడదని. పనులు ముగిశాక, 1878 జూలై 3న గుండ్లకమ్మలో వెల్లంపల్లి దగ్గర 2,222 మంది ఒక్క రోజులో బాప్తిస్మం తీసుకున్నారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకుంటూ నీళ్లలో నిలబడ్డారు. మూడు తరాల బాప్టిస్టులం అన్నారు కదా, మీ ముత్తాతో తాతమ్మో ఆ కాలువ మట్టి మోసి ఉండొచ్చు. ఆ కాలువే మీరు కాపురముంటున్న ఊళ్లోంచి పోతోంది. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి నేను మైలాపూరు స్టేషన్‌లో ముక్కు మూసుకోవడం మానేశాను.

మీ ఇంటికి దగ్గర్లోనే పల్లావరం గుట్ట కూడా ఉంది. 1941లో సువార్తికుడు భక్తసింగ్ గారు తోటివాళ్లతో ఆ గుట్ట మీద రాత్రంతా ప్రార్థనలో గడిపారు. తర్వాత మద్రాసులో మొదలైన సంఘానికి యెహోవా షమ్మా అని పేరు పెట్టారు. యెహోవా అక్కడ ఉన్నాడు అని అర్థం. యెహెజ్కేలు గ్రంథంలో ఆఖరి మాట అది. ఆ ప్రవక్త గుడికి వందల మైళ్ల దూరంలో, బబులోను దేశంలో కెబారు నది పక్కన, చెరపట్టి తీసుకెళ్లిన తనవాళ్ల మధ్య కూర్చుని ఉండగా దేవుని మహిమ అతని దగ్గరికే వచ్చింది. సొంతూరు వదిలి పెరంబూరులో, వ్యాసర్పాడిలో, ఆదంబాక్కంలో బతుకుతున్న మన తెలుగువాళ్లకు ఇంతకన్నా ధైర్యం ఏం కావాలి?

ఇప్పుడు మీ ఇంటి సంగతి. అత్తయ్య అడిగిన దాంట్లో రెండు ముక్కలున్నాయి. కొండకు వెళ్లమనడం ఒకటి, తన బదులు మొక్కు తీర్చమనడం ఒకటి. మొదటిది తప్పు కాదు. వెళ్లండి, నిలబడండి, యేసు పేరున ప్రార్థించండి. రెండోది మీ మనస్సాక్షి ఒప్పుకోకపోతే చేయకండి. నమ్మకం లేకుండా ఆమె కోసం కొవ్వొత్తి వెలిగించి, అయిపోయింది అత్తయ్యా అని చెప్పడం ఆమెకు గౌరవం కాదు. కానీ ఆ మాట చెప్పే ముందు క్షమాపణ అడగండి. తిండి విషయంలోనే నీ సహోదరుణ్ని బాధపెడితే నువ్వు ప్రేమగా నడవడం లేదని పౌలు రోమా సంఘానికి రాశాడు. మీ మాటకు మీ ఇంట్లో ఒక పెద్దావిడ అన్నం మానేసింది. పాస్టరుగారి వాక్యం సరైందే కావచ్చు, మీరు దాన్ని అన్న తీరు సరైంది కాదు.

తర్వాత ఇలా చేసి చూడండి. సిలువ మార్గంలో ఆగే ప్రతి చోటునూ ఆర్.సి.ఎం. వాళ్లు "స్థలం" అనే అంటారు. మొదటి స్థలం, రెండో స్థలం, అలా పద్నాలుగు. యెరూషలేము దాకా వెళ్లలేనివాళ్లు తమ ఊళ్లోనే ఆ దారి నడవాలని పెరిగిన భక్తి అది. ఫ్రాన్సిస్ సభ సన్యాసులు దాన్ని ఊరూరా వ్యాపింపజేశారు. అంటే వెళ్లలేనివాళ్ల దగ్గరికి ఆ స్థలాలే వచ్చాయి. వచ్చే శుక్రవారం సాయంత్రం అత్తయ్య మంచం పక్కన కూర్చోండి. ఆవిడ తన పుస్తకంలోంచి ప్రార్థనలు చెప్పుకుంటారు, మీరు మీ బైబిల్లోంచి యేసు శ్రమల అధ్యాయాలు చదవండి. ఆవిడకు మెట్లెక్కనన్న లోటు కొంత తగ్గుతుంది, మీ మనస్సాక్షికీ ఇబ్బంది ఉండదు. కొన్నాళ్లకు ఎండ తగ్గిన పూట ఆవిడను ఆటోలో కొండకు తీసుకెళ్లండి. మెట్ల దారి వదిలేయండి, వెనక వైపు నుంచి బండ్లు పైదాకా వెళ్తాయి. పైన చెట్టు కింద కూర్చోబెట్టండి. మీనంబాక్కం రన్‌వే మీద విమానాలు దిగడం కనిపిస్తుంది. ఆవిడ మొట్టమొదట ఆ కొండ ఎప్పుడు ఎక్కారో, ఎవరి కోసం ఎక్కారో అడగండి. పద్నాలుగేళ్లలో మీరు ఎప్పుడూ అడిగి ఉండరు.

ఊరి చర్చి సంగతికి వస్తే, పడగొట్టొద్దని పోట్లాడకండి. వానాకాలం ఆ కప్పు కింద కూర్చునేది అక్కడివాళ్లు, చెన్నైలో ఉన్న మనం కాదు. కానీ ఇవాళే తమ్ముడికి ఫోన్ చేయండి. గునపం పడకముందే లోపలా బయటా ఫోటోలు తీయమనండి, మీ నాన్నగారు కూర్చున్న చోటుతో సహా. బాప్తిస్మాల రిజిస్టరు, పాత గంట ఎవరింట్లో భద్రంగా ఉంటాయో పెద్దలతో మాట్లాడి తేల్చమనండి. ఊళ్లో ఎనభై దాటిన ముసలమ్మలు ఇద్దరో ముగ్గురో ఉంటారు. వాళ్లను ఆ గోడల మధ్య కూర్చోబెట్టి, ఇక్కడ ఏం జరిగిందో చెప్పించి సెల్‌ఫోన్‌లో రికార్డు చేయమనండి. మా ఊళ్లో ఇది చేయడానికి ఎవరికీ తోచలేదు. రెండో స్తంభం రాళ్లు రోడ్డు పనికి పోయాయి.

పునాది రాయి మాత్రం ఎవరినీ తీసుకెళ్లనివ్వొద్దు. కొత్త గోడలో దాన్ని పెట్టిస్తామని మాట తీసుకోండి. మేస్త్రీ అలవాటు కొద్దీ పైన ఎక్కడో, గుమ్మం మీద పెడతానంటాడు. కింద పెట్టించండి, ఐదారేళ్ల పిల్లలు అక్షరాల మీద వేలు పెట్టి చదువుకునే ఎత్తులో.